ఎవ్వరూ బలవంతం చేయలేదు

మా ఆయన చికెన్ సెంటర్ తెరిచిన రోజు పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసి పోయాడు. మొదటి కోడిని మా సంఘపెద్దే కొన్నాడు. నెల తిరక్కముందే ఆ ఇద్దరూ మా దుకాణం ముందు నుంచి తల తిప్పుకుని పోవడం నేను చూశాను.

మా ఆయన నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ మరమగ్గాల మీదే పని. సర్కారు ఆర్డరు వస్తే షెడ్డు మోత మోగేది, రాకపోతే తాళం పడేది. ఆర్డరు ఇప్పిస్తామనే నాయకుల వెనక చేతులు కట్టుకుని నిలబడలేక ఆ పని వదిలేశాడు. విశ్వాసంలోకి కూడా అలాగే, తనంతట తానే వచ్చాడు. ఇంట్లో కొట్టారు, అన్నం పెట్టలేదు, అయినా మారలేదు. నాది వేరే కథ. మా బాపు ఉట్నూర్ చుట్టుపక్కల అడవి ఊళ్ళలో సువార్త చెబుతూ తిరిగినవాడు. నాకు విశ్వాసం అవ్వ కాల్చిన జొన్నరొట్టెలా అడగకుండానే కంచంలోకి వచ్చింది. ఆయన దెబ్బలు తిని తెచ్చుకున్నాడు. అందుకే అంత గట్టిగా పట్టుకున్నాడేమో.

పెళ్ళయ్యాక నాకు సుల్తానాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచర్ ఉద్యోగం దొరికితే, దగ్గర్లో ఒక ఊళ్ళో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆ రోజుల్లోనే ఆయన కరీంనగర్‌లో ఒక సభకు పోయాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన క్రైస్తవుడికీ స్వేచ్ఛకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడాడట. పన్ను కూడా బలవంతమే, బలవంతంగా గుంజుకుని పంచేది దానం కాదు, సర్కారు ఎంత చిన్నదైతే మనిషి మనసు అంత పెద్దదవుతుంది అన్నాడట. మా ఆయన ముఖం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళుగా తన లోపల ఉన్నదానికి ఎవరో పేరు పెట్టినట్టు ఉంది ఆయనకు.

"దేవుడు తల్సుకుంటే నన్ను మెడ పట్టి మోకాళ్ళ మీద కూసోబెట్టలేడా? కూసోబెట్టలే. తలుపు కొట్టి బయట నిలవడ్డడు. దేవుడే చెయ్యని జబర్దస్తీ సర్కారు ఎట్ల చేస్తది, చెప్పు?"

"అయితే రేషన్ బియ్యం గూడ బంద్ చేద్దామా?" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఆ నెల నుంచి బియ్యం అంగట్లో కొన్నాం.

మా సంఘంలో ఆడవాళ్ళం వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పెట్టేవాళ్ళం. ఆదివారం అందరివీ ఒక గంపలో పోసి, ఆధారం లేనివాళ్ళకు ఇచ్చేవాళ్ళం. ఆయన ఆ గంప దగ్గర నిలబడి, "గిదే నేను చెప్పేది. ఎవ్వలు గుంజుకోలే, ఎవ్వలు భయపెట్టలే. అయినా ముసలవ్వ కడుపు నిండుతున్నది" అనేవాడు. ఇప్పుడు కూడా ఆ మాటలో తప్పు వెతికితే నాకు దొరకదు. నా కోపం అంతా అక్కడే ఉంది.

మా ఊళ్ళో ఒక అభివృద్ధి కమిటీ ఉండేది. అది పంచాయతీ కాదు, సర్కారుది అసలే కాదు. కులానికొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుని ఊరి సంగతులు తేల్చేవాళ్ళు. మందు ఎవరు అమ్మాలి, కోడికూర ఎవరు అమ్మాలి అన్నది ఏటా వేలం వేసేవాళ్ళు. పాడుకున్నవాడే అమ్మాలి, ఇంకొకడు అమ్మకూడదు. మా బిడ్డ బడికి పోయే ఈడుకు వచ్చాక, మా ఆయన వేలానికి పోకుండా దుకాణం తెరిచాడు. కమిటీ పెద్ద ఒక పొద్దున వచ్చి దుకాణం ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను బడికి బయలుదేరుతూ అక్కడే ఉన్నాను.

"తమ్మీ, వేలం పాడకుంట దుకాణం ఎట్ల పెట్టినవ్?"

"కిరాయి కట్టే జాగల నా కోళ్ళు నేను అమ్ముకుంటున్న పటేలా. ఒద్దనే హక్కు మీకెవ్వలిచ్చిండ్రు?"

"ఊరిచ్చింది."

"ఊరంటె నేను గూడ గదా. నేనియ్యలే."

కమిటీ పెద్ద కోపం చేసుకోలేదు. పైకండువా దులుపుకుని లేచాడు. "మంచిది. నీ ఇష్టం నీది. ఊరి ఇష్టం ఊరిది."

మర్నాడు డప్పు చాటింపు అయింది. మా ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, కొనొద్దు, అమ్మొద్దు. మాట్లాడినవాళ్ళకు జుర్మానా.

ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. ఇంటి మీద ఒక్క రాయి పడలేదు. కిరాణా దుకాణంలో నిలబడితే దుకాణదారు పక్కవాళ్ళకు సామాను కడుతూనే ఉండేవాడు, నేను లేనట్టు. నీళ్ళ క్యాన్ల బండి మా గుమ్మం దాటి పోయేది. నా బిడ్డను బడికి తీసుకుపోయే ఆటో అతను దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. అది రెండో తరగతి పిల్ల. "అమ్మా, నేనేం చేసిన?" అని అడిగింది. పౌరుల హక్కుల పాఠం ఎన్నోసార్లు చెప్పినదాన్ని, దాని సంచి నా భుజానికి తగిలించుకుని బడిదాకా నడిపించుకుపోయాను.

బోరింగు దగ్గర సంఘంలోని ఒక ముసలామె కనిపించింది. మేం పిడికెడు బియ్యం పోసిన గంపలోంచి ప్రతి ఆదివారం ఒడి నింపుకుని పోయేది ఆమే. "అవ్వా, బాగున్నవా?" అన్నాను. ఆమె బిందె నిండకుండానే ఎత్తుకుంది. "నా తోటి మాట్లాడకు బిడ్డా. జుర్మానా పడ్తది. నేనేడికెళ్ళి కట్టాలె?" అని గొణుక్కుంటూ పోయింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. మిగతావాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు కట్టుకునే స్తోమత ఉంది.

శనివారం పాస్టరయ్య మా పెరటి వైపు నుంచి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"జర కొన్ని దినాలు మందిరానికి రాకుండ్రి. ఇంట్లనే ప్రార్థన చేసుకోండ్రి. మందిరం జాగ ఊరోళ్ళు ఇచ్చిందాయె. రేపు వాళ్ళు తాళమేస్తె అందరం పరేషాన్ అయితం."

"కమిటోళ్ళు మిమ్ముల జబర్దస్తీ చేసిండ్రా అయ్యగారూ?" అని మా ఆయన అడిగాడు.

"లేదు లేదు. ఎవ్వలు ఏమనలే. సంఘపెద్దలం కూసోని మేమే అనుకున్నం."

మా ఆయన తల దించుకున్నాడు. ఇంట్లో కొట్టినప్పుడు కూడా ఆయన తల అలా దిగి ఉండదు. పాస్టరయ్య మా ఇద్దరి కోసం చిన్న ప్రార్థన చేసి, మళ్ళీ పెరటి దారినే పోయాడు.

ఆ రోజే మా ఆయన, సభలో మాట్లాడిన హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేశాడు. నేను కూడా వినాలని స్పీకరు పెట్టాడు. ధైర్యం చెబుతాడని ఆశపడ్డాడు పాపం.

"బ్రదర్, మీ బాధ నాకు అర్థమవుతోంది" అన్నాడాయన మెత్తగా. "కానీ ఎవరితో మాట్లాడాలి, ఎవరి దగ్గర కొనాలి అన్నది వాళ్ళ స్వేచ్ఛే కదా. మీ ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయలేదు."

"మాట్లాడినోళ్ళకు జుర్మానా ఏస్తుండ్రు సార్."

"కట్టకపోతే?"

"వాళ్ళను గూడ వెలేస్తరు."

"అంటే అక్కడా బలప్రయోగం లేదు. నేను తప్పకుండా ప్రార్థిస్తాను, బ్రదర్."

ఫోన్ పెట్టేశాక ఆయన కోళ్ళకు గింజలు వేయడానికి పోయాడు. నేను ఠాణాకు పోయాను. ఎస్సై మర్యాదగానే విన్నాడు. కేసు పెట్టుకోవచ్చు, దుకాణం మీ ఆయనది కాబట్టి ఆయన్ని తీసుకురండి అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కదల్లేదు.

"లాఠీ పట్టుకొచ్చి నా తాన కోడి కొనుమని చెప్పియ్యాల్నా? గట్ల నేనడుగ."

"కొనుమని ఎవ్వలంటుండ్రు? నా బిడ్డతోటి మాట్లాడినోళ్ళకు జుర్మానా ఎయ్యద్దని అడుగు. గంతే!"

"మనుషులు మనసు మార్చుకోవాలె. పోలీసోడు మారుస్తడా?"

"వాళ్ళు మనసు మార్చుకునేదాక మనం ఏం తిని బత్కాలె?"

లోకంలో అందరూ తనలాగే తలుపు చప్పుడు విని తెరుస్తారని నమ్మిన మనిషి ఆయన. లోపల మనుషులు ఉండి, చప్పుడు విని, గడియ పెట్టుకుంటారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు ఆయన మీద జాలి కలిగింది, అసహ్యం కూడా కలిగింది. రెండూ ఒక్కసారే.

కోళ్ళు కొన్ని చచ్చిపోయాయి. మిగిలినవి వచ్చిన ధరకు బయట అమ్మేశాం. ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు, ఎవరి బలవంతం లేకుండానే. బడిలో రాజీనామా ఇచ్చి, బిడ్డను తీసుకుని మా అవ్వగారి ఊరు ఉట్నూర్ చేరుకున్నాం. మా ఆయన ఇప్పుడు అడవి ఊళ్ళకు జీపు నడుపుతాడు. నేను ట్యూషన్లు చెబుతాను. రేషన్ బియ్యం మళ్ళీ తెచ్చుకుంటున్నాం. ఇక్కడి మందిరంలో ఆయన ముందు వరసలో కూర్చుంటాడు. నేను చివర, చెప్పుల దగ్గర కూర్చుంటాను.

ఈ ఏడు ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. కొత్త మందిరం ప్రతిష్ఠ ఉందని, పాతవన్నీ మనసులో పెట్టుకోకుండా ఇద్దరం రావాలని పాస్టరయ్య పిలిచాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు.

"నువ్వు రావా?"

"రాను. నువ్వెట్ల పోతున్నవ్?"

"నేను క్షమించిన. ఎవ్వలు చెప్పలే, నాకు నేనే క్షమించిన."

"నాకు గూడ ఎవ్వలు చెప్పలే" అన్నాను. "నాకు నేనే క్షమించలే."

బిడ్డ కూడా రానంది. ఆయన ఒక్కడే బస్సెక్కి పోయాడు. రాత్రి పొద్దుపోయాక తిరిగొచ్చి, అందరూ మంచిగా పలకరించారని, సంఘపెద్ద చేతులు పట్టుకున్నాడని, భోజనాల్లో కోడికూర వడ్డించారని చెప్పాడు. ఆ కోడికూర ఎవరి దుకాణం నుంచి తెచ్చారో నేను అడగలేదు. ఆయన కాళ్ళు కడుక్కుని కూర్చుంటే అన్నం పెట్టి, లోపలికి పోయి ట్యూషన్ పిల్లల జవాబులు దిద్దుకున్నాను.