మూగబండి

ఆ లారీ షెడ్డులో ఒక ఆచారముండేది. సరుకు ఎక్కించి, తాళ్లు బిగించి, డ్రైవరు తన ఆసనంలో కుదురుకొన్న తరువాత కూడా, అందరూ చెవి మేస్త్రి అని పిలిచే పెద్ద మెకానిక్కు నోట “పో” అన్న మాట వెలువడేదాకా ఏ బండీ గేటు దాటేది కాదు. ఆయన పొడవాటి ఇనుపకడ్డీ కొనను నడుస్తున్న ఇంజనుకు ఆనించి, రెండవ కొనను చెవికి చేర్చి, కన్నులు అరమోడ్చి నిలుచునేవాడు. ఏ బేరింగు అరుగుతున్నదో, ఏ వాల్వు బద్ధకిస్తున్నదో ఆ కడ్డీ ఆయనకు విన్నవించుకొనేది. అంతసేపూ డ్రైవర్లు దగ్గు వచ్చినా మింగుకొని కూర్చునేవారు. జీవితమంతా నూనె మరకల మధ్య గడిపిన ఆ మనిషికి ఉన్న పరువంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది.

ఆయన బావమరిది అదే షెడ్డులో డ్రైవరు. తండ్రిని పోగొట్టుకొన్న అతన్ని అక్కతోపాటు తెచ్చుకొని, కూడు పెట్టి, స్టీరింగు పట్టడం నేర్పింది ఈ బావే. ఇద్దరికీ మాటామాటా పడని రోజు లేదు. ఒకరి ముఖం ఒకరు చూడక గడిచిన వారమూ లేదు.

కొత్తరకం ట్రైలరు బండి వచ్చిన నాడు షెడ్డులో పనులన్నీ ఆగిపోయాయి. యజమాని దానిని బావమరిదికి అప్పగించాడు. చుట్టూ మూగిన వారు తలా ఒక మాట అన్నారు. మోకాళ్ల నొప్పులతో బాధపడే ముసలి డ్రైవరొకడు, క్లచ్చు తొక్కే పని లేదని తెలిసి, దాని బంపరుకు దండం పెట్టాడు. మరొకడు కాస్త దూరం నడిపి వచ్చి, చక్రం రోడ్డు మీది గీత దాటితే చాలు కూతలుపెట్టి అత్తగారిలా సాధిస్తున్నదని వాపోయాడు. పక్క అద్దాలకు బదులు చిన్న తెరలు పెట్టారనీ, వెనుక వచ్చేది బండో బొమ్మో తెలియడంలేదనీ ఇంకొకడు సణిగాడు. మెకానిక్కుల గోల వేరు. దీపం మార్చాలంటే ముఖమంతా ఊడదీయాలి. చలికి పసిబిడ్డను చుట్టినట్లు ఇంజను చుట్టూ మూతలే. నొప్పి ఎక్కడో చేయిపెట్టి చూడనివ్వక, తెరమీద ఒక అంకె చూపించి ఊరుకుంటుంది.

చివరికి అందరూ మేస్త్రి వైపు తిరిగారు. ఆయన కడ్డీ ఆనించి చాలాసేపు నిలుచున్నాడు. చోటు మార్చి మళ్లీ ఆనించాడు.

“ఇది మూగబండిరా,” అన్నాడు. “లోపల ఏముందో చచ్చినా చెప్పదు.”

ఆ పేరు అందరికీ నచ్చింది. ఆనాటినుండి దానిని మూగబండి అనే పిలిచారు. పాత బండ్లకన్నా దాని గొంతు తగ్గినదే గాని బొత్తిగా మూగది కాదని బావమరిదికి తెలుసు. బావ ఏదో చమత్కారానికి అన్నాడనుకొని తానూ నవ్వాడు.

ఆ నవ్వు ఆగిపోయినది అక్కగారింట్లో. ఒక సెలవునాడు భోజనానికి వెళితే, బావ వంటగది గుమ్మంలో పత్రిక చదువుకొంటున్నాడు. చేతికందే దూరంలో కుక్కరు కూత మీద కూత వేస్తున్నది. పెరట్లో బట్టలారవేస్తున్న అక్క పరుగున వచ్చి పొయ్యి కట్టేసింది.

“మీ బావకి నా మాట పట్టదనుకున్నాన్రా ఇన్నాళ్లూ. కుక్కరు మాట కూడా పట్టట్లేదు. దాన్నీ పెళ్లాం కిందే జమకట్టాడేమో.”

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. బావ తలెత్తలేదు. షెడ్డులో ఆ హోరుకు ఎవరైనా గొంతు చించుకొనే మాట్లాడతారు, ఎదుటివారి పెదవులు చూసే వింటారు. అక్కడ ఒక మనిషి చెవులు మెల్లమెల్లగా మూసుకుపోతే కనిపెట్టేవారెవరు? చెవి మేస్త్రికి చెవి పోయిందన్న మాట ఏ నోటితో అనడం? అతడు రేపు చెబుదాము, ఎల్లుండి చెబుదాము అనుకొంటూ రోజులు దొర్లించాడు. “మూగదే బావా” అని వంతపాడటం మాత్రం మానలేదు.

కొన్నాళ్లకు మూగబండి ముందు భాగంనుండి సన్నని కీచుమోత మొదలైంది. తెరమీద ఏ అంకె కూడా పడలేదు. రోజురోజుకూ మోత హెచ్చింది. షెడ్డులో తక్కినవారికీ అది వినబడే ఉంటుంది. కాని మేస్త్రి కడ్డీ పెట్టి విన్న తరువాత తాము విన్నామని చెప్పడం అక్కడ మర్యాద కాదు. కొండదారిన సరుకు చేర్చవలసిన ఉదయం బావమరిది కిటికీలోనుండి వంగి, ఇంకొక్కసారి చూడమని అడిగాడు.

“మూగదాన్ని ఎన్నిసార్లడిగితే ఏం చెప్తుందిరా? నీ భయానికి మందు నా దగ్గర లేదు గానీ, పో.”

నలుగురూ నవ్వారు. అతడు బండిని గేటు దాటించాడు.

కొండ ఎక్కుతూ సగం దారిలో ఉండగా బేరింగు బిగుసుకుపోయి బెల్టు తెగింది; ఇంజను కుతకుత ఉడికింది. భారమంతా వెనక్కి లాగుతుంటే, బ్రేకు మీద ప్రాణం పెట్టి బండిని కొండవైపుకు ఆనించి ఆపాడు. ఇంకొక మూర తప్పితే లోయ.

దానిని మరో లారీ వెనుక కట్టి తెచ్చిన రోజున షెడ్డు షెడ్డంతా కొత్త రకం మీద దుమ్మెత్తిపోసింది. ఇంత ఖరీదైన తెర ఒక్క ముక్క చెప్పలేదే అన్నారు. మేస్త్రి కూడా, తాను మొదటినాడే అన్నానంటూ తలపంకించాడు. అంతలో ఒక మెకానిక్కు బెల్టును బిగువుగా ఉంచే చక్రం విప్పి, దాని బేరింగును తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాడు.

లోపలి గుండ్లు నలిగి పొడియైపోయాయి. ఆ పొడిని బొటనవ్రేలితో రాస్తూ మేస్త్రి నిలుచుండిపోయాడు. ఇలాంటి బేరింగు చప్పుడు లేకుండా చావదని ఆ షెడ్డులో అందరికీ నేర్పినది ఆయనే. బావమరిదిని చేయిపట్టి బండి వెనుకకు తీసుకొనిపోయాడు.

“ఇది అరిచిందా?”

“అరిచింది బావా.”

“నీకు వినబడిందా?”

“వినబడింది.”

“మరి ఎందుకు తీశావురా బండి?”

అతడు నేల చూపులు చూశాడు. కాని తల దించుకొంటే బావకు తన పెదవులు కనబడవని గుర్తుకు వచ్చి, ముఖమెత్తి చెప్పాడు.

“నువ్వు పొమ్మన్నావు కదా.”

మేస్త్రి ఆ సాయంత్రం వంటింట్లో భార్య ఎదుట పీట వేసుకొని కూర్చుని, కుక్కరు కూత తనకు చాలాకాలంగా వినబడటంలేదని చెప్పాడు. ఆమె గరిటె కింద పెట్టేసింది.

“తెలిస్తే అన్ని మాటలనేదాన్నా?” అన్నది కొంగు నోటికి అడ్డంపెట్టుకొని. మళ్లీ కొంగు తీసి, అదే మాట ఆయనకు కనబడేలా అన్నది.

“ఫర్వాలేదులే. వాటిలో సగం వినబళ్లేదు.”

గుమ్మంలో నిలుచున్న తమ్ముడు లోపలికి రాలేక వెనుదిరిగాడు.

కొత్త బేరింగు బిగించి బండి బయలుదేరే ఉదయాన మేస్త్రి కడ్డీ పట్టుకొని వచ్చాడు గాని చెవికి చేర్చలేదు. బావమరిదిని కిందికి దిగమని, కడ్డీ అతని చేతికిచ్చి, ఎక్కడ ఆనించాలో వ్రేలితో చూపాడు.

“ఏమంటోంది?”

“ఏదో తిరుగుతోంది బావా... గుయ్యిమంటోంది. పక్కన టిక్కుటిక్కుమని ఇంకోటి.”

“ఆ టిక్కు ఆగి ఆగి వస్తోందా, వరసగానా?”

“వరసగా.”

మేస్త్రి అతని పెదవులనే చూస్తూ, పాత పరిచయస్థుల క్షేమం అడిగినట్లు ఒక్కొక్క భాగాన్నీ అడిగాడు. అన్నీ విన్న తరువాత తల ఊపి, పక్కకు తప్పుకొన్నాడు. బావమరిది క్యాబినులోకి ఎక్కి, అలవాటు చొప్పున ఎదురుచూశాడు. మేస్త్రి పెదవి కదల్చలేదు. వెనుక మరో బండి వచ్చి నిలిచింది.

చాలాసేపటికి, ఎవరూ పొమ్మనకుండానే, మూగబండి గేటు దాటింది.