తనిఖీ రోజు వినిపించిన గుండె

మూడో సంవత్సరం సగం గడిచిపోయినా సుచిత్ర జబ్బుపడిన గుండె చప్పుడు ఒక్కటి కూడా వినలేదు. పుస్తకంలో చదివింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో రికార్డింగులు వింది. మనిషి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి మాత్రం వినలేదు.

ఆమె చదివే ప్రైవేటు వైద్య కళాశాల పెనుకొండ దాటాక హైవే పక్కన ఉంది. అద్దాల ముఖద్వారం, వరుసగా మంచాలు, మడత నలగని తెల్లటి దుప్పట్లు. రోగులే ఉండరు. ఎప్పుడైనా జ్వరంతో ఒక ముసలాయన చేరితే క్లాసంతా ఆయన చుట్టూ మూగేది. "ఎంతమంది నొక్కుతారప్పా నా కడుపు?" అని ఆయన ముసుగు తన్ని పడుకునేవాడు. పాఠం చెప్పాల్సిన ప్రొఫెసర్లలో కొందరిని విద్యార్థులు తలుపు మీది పేర్ల పలకల ద్వారానే ఎరుగుదురు.

ఆమె తండ్రి గంగాధర ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. కూతురు ర్యాంకు తెచ్చుకుని సీటు సంపాదించిందని వీధంతా చెప్పుకుంటుంది. సెలవుకు ఇంటికి వెళ్తే చాలు, పక్కింటివాళ్ళు వచ్చేవారు. "మా అవ్వకు కాళ్ళు వాస్తాండాయి, రోంత చూడు పాపా" అనేవారు. సుచిత్ర చూసేది, ఏమీ తోచేది కాదు. ధర్మాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పి లోపలికి వచ్చేసేది. తర్వాత మగ్గం గుంట పక్కన అటూ ఇటూ తిరిగేది.

"ఏం మా, ఒక్కతావ కూర్చోలేవా? పరీక్షలు బాగా రాయలేదా?" అని నాయన అడిగేవాడు.

"రాసినా నాయనా. రాసేది బాగనే వస్తాది" అని ఊరుకునేది. రానురాను ఇంటికి వెళ్ళడమే తగ్గించింది.

ఆ ఏడు వేసవి ముగిసేటప్పుడు కళాశాలకు సీట్లు పెంచవచ్చో లేదో చూడటానికి ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోందని తెలిసింది. ఆ రోజు పొద్దున్నే హాస్టలు కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి ముందు బస్సులు ఆగి ఉన్నాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, నంజుకునే పచ్చడి డబ్బాలతో సహా దిగుతున్నారు. చెన్నేకొత్తపల్లి వైపు చేను పనులకు కూలీలను కుదిర్చే రమణ అనే మేస్త్రీ వాళ్ళను లెక్కపెట్టి లోపలికి పంపుతున్నాడు. కాసేపటికల్లా మంచాలన్నీ నిండిపోయాయి. ఏ మంచం మీది మనిషికి ఏ జబ్బో కాగితాల మీద ముందే రాసి పెట్టారు. ఒక్కో మంచం దగ్గర ఒక్కో విద్యార్థిని నిలబెట్టారు.

సుచిత్రకు వచ్చిన మంచం మీద నలభై ఏళ్ళ ఆడమనిషి కూర్చుని ఉంది. పేరు ఉలిగమ్మ.

"ఏం బాధక్కా?" అని సుచిత్ర అడిగింది.

ఉలిగమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కడుపు నొప్పని చెప్పమన్యాడు రమణన్న. నువ్వూ అదే చెప్పు తల్లీ, మాట తేడా వస్తే బాగుండదు."

"నిజంగా ఏం లేదు కదా?"

"నాకేముండాది? రాయి మాదిరి ఉండా."

బృందం పక్క వార్డులోకి వచ్చిందని కబురు తెలిసింది. పరీక్ష చేస్తున్నట్టు కనిపించండి అని ఎవరో కేకేశారు. సుచిత్ర స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని ఉలిగమ్మ ఛాతీ మీద ఆనించింది. లబ్ డబ్ తర్వాత కింది నుంచి ఏదో ఉరుముతున్నట్టు వినిపించింది. హైవే మీద లారీ పోతోందనుకుని ఆగింది. లారీ పోయింది, ఉరుము పోలేదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వస్తూనే ఉంది.

"ఎడమ పక్కకు తిరుగు అక్కా." తిరిగినందుకే ఉలిగమ్మకు రొప్పు వచ్చింది. ఉరుము ఇంకా దగ్గరైంది.

"గట్టు ఎక్కితే ఆయాసం వస్తాదా?"

"అందరికీ రాదా ఏంది?"

"చిన్నప్పుడు కీళ్ళు వాచినాయా?"

"వాచి మంచాన పడ్యా. నీకెవరు చెప్పిరి?"

గుండెలో ఒక కవాటం సన్నబడితే ఇలాంటి చప్పుడు వస్తుందని, చిన్నప్పటి కీళ్ళ జ్వరం దానికి కారణం కావచ్చని సుచిత్ర చదివింది. పక్కనే నిలబడిన ప్రొఫెసరును పిలిచింది. ఆయన్ను ఆ వార్డులో చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఆయన వినలేదు. "కాగితంలో ఏముందో అది చెప్పమ్మా. మధ్యాహ్నం నాకు తిరుగు రైలుంది" అన్నాడు.

బృందం వచ్చింది, ఎదురు వరుస చూసుకుని వెళ్ళిపోయింది. విద్యార్థులను హాల్లోకి పిలిచారు. అక్కడి నుంచి బయటపడి సుచిత్ర పరుగెత్తుకుంటూ వచ్చేసరికి వార్డు ఖాళీగా ఉంది. ఆయాలు దుప్పట్లు మళ్ళీ బిగించి పరుస్తున్నారు.

మరునాడు విభాగాధిపతి దగ్గరికి వెళ్ళి ఉలిగమ్మ గుండె సంగతి చెప్పింది. ఆయన కాగితాలు తిరగేసి, "ఆమెకు నయమైంది, డిశ్చార్జ్ అయింది" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "చదువుకోవడానికి వచ్చావు. చదువుకో" అన్నాడు.

చదువు మీద మనసు నిలవలేదు. ఫోనులో రికార్డింగు పెట్టుకుని వింటే అదే చప్పుడనిపించేది, మళ్ళీ వింటే కాదనిపించేది. నిజంగానే లారీ అయితే? ఊరికే ఒక మనిషిని భయపెట్టినట్టవుతుంది. లారీ కాకపోతే ఆమె ఈ ఎండలో ఏ చేనులో వంగి ఉందో! అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. స్నేహితురాలు పద్మజ విసిగిపోయి, "పోయి కనుక్కోవే, లేదంటే మరిచిపో. రెండూ చేయకుండా మమ్మల్ని చంపొద్దు" అంది.

ఆదివారం సుచిత్ర బస్సెక్కి చెన్నేకొత్తపల్లిలో దిగింది. రమణ టీ అంగడి దగ్గర దొరికాడు. కళాశాల పేరు వినగానే ముఖం మాడ్చుకున్నాడు.

"ఎవరు పంపిరి నిన్ను? పేపరోళ్ళా?"

"ఎవరూ పంపలేదన్నా. ఉలిగమ్మ గుండెలో ఏదో తేడా ఉన్నెట్లుంది. ఆమె యాడ ఉంటాదో చెప్పు చాలు."

రమణ గ్లాసు కింద పెట్టాడు. "పనిలో మధ్యమధ్య కూలబడ్తాది. సోమరిదనుకుని తిడ్తాంటి" అన్నాడు. తన బండి మీదే ఊరిదాకా తీసుకెళ్ళాడు.

ఉలిగమ్మ భర్త ఓబుళప్ప గడప దగ్గరే అడ్డం నిలబడ్డాడు. "దినామూ పనికి పొయ్యే మనిషికి రోగం అంటగడ్తావా? నువ్వు డాక్టరువా?"

"కాదన్నా. ఇంకా కాలేదు."

"మరి నీకేం తెలుసు?"

"సరిగ్గా తెలీదు. అందుకే తెలిసినోళ్ళ దగ్గరికి తీసుకుపోతానంటాండా. ఏం లేదంటే నన్ను తిట్టు, పడ్తా."

లోపలి నుంచి ఉలిగమ్మ వచ్చింది. భర్త వైపు చూడకుండా, "పండుకుంటే ఊపిరాడదు. లేచి గోడకానుకుని కూర్చుంటా. చెప్తే పని మానిపిస్తారని చెప్పలా" అంది. ఓబుళప్ప తువ్వాలు భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

ముగ్గురూ హిందూపురం చేరారు. అక్కడి పెద్దాసుపత్రిలో ఆదివారం కూడా మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మంచాలు చాలక వరండాలో చాపలు వేశారు. అరిచేవాళ్ళు, దగ్గేవాళ్ళు, కన్నడంలో ఏడ్చేవాళ్ళు. ఇంతమందిని చూసే అక్కడి డాక్టర్ల మీద సుచిత్రకు అసూయలాంటిది కలిగింది, కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

డ్యూటీలో ఉన్న డాక్టరు రమాదేవి సుచిత్ర చెప్పింది విని, ఉలిగమ్మ ఛాతీ మీద చాలాసేపు స్టెతస్కోపు పెట్టి ఉంచింది. తర్వాత సుచిత్ర వైపు తిరిగింది.

"నువ్వు చెప్పింది నిజమే. కవాటం సన్నబడింది. ఇంకోటి కూడా ఉంది, విన్నావా?"

"లేదు మేడమ్."

ఉలిగమ్మను కూర్చోబెట్టి, ముందుకు వంగి ఊపిరి వదలమంది. సుచిత్ర వింది. ఏమీ తెలియలేదు. "మళ్ళీ విను" అంది రమాదేవి. చాలాసేపటికి, ఊపిరి లాంటి సన్నని చప్పుడొకటి పట్టుబడింది. పక్క కవాటంలోంచి రక్తం కొద్దిగా వెనక్కి కారుతోందట.

"ఇలాంటి గుండెలు ఎన్ని చూశావు ఇంతకుముందు?"

"ఇదే మొదటిది మేడమ్."

"మూడో సంవత్సరంలోనా?" అంది రమాదేవి. కాగితం దగ్గరికి లాక్కుని బెంగళూరులోని గుండె ఆసుపత్రికి చీటీ రాసింది.

బెంగళూరులో స్కానింగు చేసి అదే మాట చెప్పారు. ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూను పంపి కవాటాన్ని వెడల్పు చేశారు. ఉలిగమ్మ ఊరికి తిరిగొచ్చాక సుచిత్ర చూడటానికి వెళ్ళింది. "పండుకుంటే నిద్ర పడ్తాంది తల్లీ" అంది ఉలిగమ్మ. మళ్ళీ తనే నవ్వింది. "ఉత్తుత్త రోగి మాదిరి పోతి, నిజం రోగినై వస్తి." బరువు పనులు వద్దన్నారు, కీళ్ళ జ్వరం మళ్ళీ రాకుండా నెలనెలా సూది వేయించుకోవాలి. ఓబుళప్ప పొయ్యి దగ్గర టీ కాస్తూ, చక్కెర ఎంత వేయాలని భార్యను అడిగాడు.

ఆ వారంలోనే కళాశాలకు మరికొన్ని సీట్లు మంజూరయ్యాయని స్వీట్లు పంచారు. సుచిత్రను ఆఫీసుకు పిలిపించారు. మన పేషెంటును బయటి ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోయావని అడిగారు. డిశ్చార్జ్ అయిన మనిషే కదా సార్ అంది. ఇకమీదట జాగ్రత్తగా ఉండమన్నారు. గంగాధరకు కూడా ఫోను చేశారు. ఆయన ఆ సాయంత్రం కూతురితో, "సీటు పోతాదేమో మా" అన్నాడు. ఆ వెంటనే, "ఆయమ్మ బతికింది కదా" అన్నాడు.

మిగతా మంచాల మీదివాళ్ళ సంగతే సుచిత్రను వదలలేదు. తను విన్నది ఒక్క గుండెనే. రమణను అడిగితే ఆ రోజు వచ్చినవాళ్ళలో కొందరిని పంచాయతీ ఆఫీసు దగ్గరికి పిలిచాడు. పద్మజ కూడా వచ్చింది. ఒకాయనకు బీపీ మరీ ఎక్కువగా ఉంది, ఆయన్ను హిందూపురం పంపారు. చాలామంది రానే రాలేదు. కొందరు వేరే ఊళ్ళకు పనికి పోయారు, కొందరికి భయం.

ఇప్పుడు సుచిత్ర ప్రతి ఆదివారం హిందూపురం బస్సెక్కుతుంది. రమాదేవి వెనకాల నిలబడి చూస్తుంది. కళాశాల అనుమతి ఇవ్వలేదు, ఆమె మళ్ళీ అడగనూ లేదు. ఎప్పుడు పిలిచి సంజాయిషీ అడుగుతారోనన్న బెదురు పోలేదు. మొన్నటి వారం వరండాలో చాప మీద ఉన్న ఒక రైతు ఛాతీ వినమంది రమాదేవి.

"ఏం వినపడింది?"

"తెలియడం లేదు మేడమ్."

"తెలియదని చెప్పావు, మంచిదే. మళ్ళీ విను."

సుచిత్ర చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని మళ్ళీ వింది.