మున్షీ సాబ్‌కు నేను నేర్పిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో ఇంగ్లీషు రావడానికీ, వచ్చినట్టు కనపడడానికీ మధ్య పెద్ద దూరం ఉండేది కాదు. చుట్టూ ఎవరికీ రాదు కాబట్టి, మనకు వచ్చో రాదో తేల్చేవాళ్ళూ ఉండరు. ఆ సౌకర్యాన్ని నేను దాదాపు ఒక ఏడాది హాయిగా అనుభవించాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయింది. మాది చందూర్‌లో వరి పండించుకునే మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. నిజామాబాదులో మిషన్ బడి హాస్టల్లో ఉండి మెట్రిక్, ఆ తర్వాత టైపు లోయరు పాసై, బోధన్ దగ్గర రైతుల చెరుకు తూచి తీసుకునే ఒక చిన్న ఆఫీసులో టైపిస్టుగా చేరాను. బోధన్‌లో అక్క ఇల్లు ఉంది కాబట్టి బాపు, అంటే మా నాన్న, ఒప్పుకున్నాడు. ఆ ఆఫీసులో అడుగుపెట్టిన మొదటి ఆడమనిషిని నేనే. అంతకంటే పెద్ద సంగతి, నేను మిషన్ బడిలో చదివిన మనిషిని. "దొరసాని తోటి పొద్దుందాంక ఇంగ్లీషే మాట్లాడేదట" అని నేను రాకముందే నా పేరు పాకిపోయింది. (బడి నడిపే తెల్ల దొరసానమ్మ మాతో తెలుగే మాట్లాడేది. ఆమె తెలుగు మా తెలుగు కన్నా శుభ్రంగా ఉండేది.) నేను అవుననలేదు, కాదనీ అనలేదు. చిత్తు కాగితంలో ఏముంటే అది అక్షరం తప్పకుండా కొట్టి ఇచ్చేదాన్ని. నా వేళ్ళకు ఇంగ్లీషు వచ్చు, నాకు రాదు. ఈ సంగతి నాకూ నా వేళ్ళకూ మాత్రమే తెలుసు.

ఆఫీసులో పెద్ద గుమాస్తాను అందరూ మున్షీ సాబ్ అనేవాళ్ళు. కందకుర్తి వైపు రైతుబిడ్డ, యాభై దాటిన మనిషి. నిజాం కాలంలో ఉర్దూలో చదివి, ముప్పై ఏళ్ళు ఉర్దూలోనే నౌకరీ చేశాడు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలే రావు. ఆయన దస్తూరి చూస్తే చదవడం రానివాళ్ళకు కూడా కాసేపు చూడాలనిపించేది. ఇప్పుడు కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారుతున్నాయి. దానికి తోడు కోస్తా జిల్లా నుంచి ఒక కుర్ర ఆఫీసరు కొత్తగా వచ్చాడు. వచ్చిన వారంలోనే అందరినీ నిలబెట్టి, "ఉగాది నుంచి చిత్తులు ఇంగ్లీషులోనే రాయాలండి. రాయలేనివారిని కాటా దగ్గరికి మార్చక తప్పదు" అన్నాడు. ఆ మాట ఎవరి గురించో అందరికీ అర్థమైంది. ఆ మధ్యాహ్నం మున్షీ సాబ్ నా టైపు మిషన్ దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అడిగాడు.

"కాటా కాడ నిలవడుడు తప్పని గాదు బిడ్డా. ముప్పై ఏండ్లు కలం పట్టినోన్ని. ఇప్పుడు బండ్లు లెక్కవెట్టుకుంట నిలవడితే నా ఇంట్లోల్లకే మొకం సూపెట్టలేను. నాకు దినాం అయిదు మాటలు చెప్తవా?"

"గంతేనా సాబ్, పది చెప్తా" అన్నాను. ఎంత సులువుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పాత కాగితాల గదిలో, అన్నాలు తిన్నాక మా బడి. ఆయన ఒక పొడుగు నోటుబుక్కులో మూడు గళ్ళు గీశాడు. మొదటి గడిలో ఇంగ్లీషు మాటను ఉర్దూ అక్షరాల్లో కుడి నుంచి ఎడమకు రాసుకునేవాడు, రెండో గడిలో తెలుగు అర్థం, మూడో గడిలో మిసాల్, అంటే ఉదాహరణ వాక్యం. "మిసాల్ చెప్పు బిడ్డా, మిసాల్ లేకుంటె నాకు మాట ఎక్కది" అనేవాడు. నా పాఠాలన్నీ హాస్టల్ వార్డెనమ్మ ఇచ్చిన డిక్షనరీ చలవ. దానికి 'ఎ' నుంచి 'డి' దాకా పేజీలు లేవు, ఏ తరం పిల్లలో పొయ్యి రాజేసుకున్నారు. అందుకని మా చదువు 'ఇ' అక్షరంతో మొదలైంది. ఎంప్టీ అంటే ఖాళీ, మిసాల్ 'ది కార్ట్ ఈజ్ ఎంప్టీ'. నెల తిరిగేసరికి ఆయనే సొంత మిసాళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. ఫెయిత్‌ఫుల్ దగ్గర 'మై బుల్లాక్ ఈజ్ ఫెయిత్‌ఫుల్, మై సన్-ఇన్-లా ఈజ్ నాట్' అని రాశాడు. గ్రంబుల్ దగ్గర 'మై వైఫ్ గ్రంబుల్స్, ఐ ఈట్' అని రాశాడు. తప్పులు వెతికే చదువు నాకు లేదు. బాగున్నాయనే చెప్పాను. నిజంగా బాగున్నాయి కూడా.

ఒకరోజు ఎక్కడో కాగితంలో చూశాడేమో, "డిస్మిస్ అంటె ఏంది బిడ్డా?" అన్నాడు. నా డిక్షనరీలో లేని అక్షరం. అయినా నేను తడబడలేదు, ఎందుకంటే ఆ మాట నాకు స్వయంగా తెలుసు. బడిలో ఆఖరి గంట కొట్టగానే టీచరమ్మ పుస్తకం మూసి, "క్లాస్ ఈజ్ డిస్మిస్డ్" అనేది. మేం సంచులు పట్టుకుని పరుగో పరుగు. ఇంగ్లీషులో అంతకన్నా తీయని మాట నేను వినలేదు. "డిస్మిస్ అంటే ఇంటికి పంపుడు సాబ్. మిసాల్, ది టీచర్ డిస్మిస్డ్ ది క్లాస్." ఆయన రాసుకుని, "మంచి మాట" అని మెచ్చుకున్నాడు. (నౌకరీ నుంచి తీసేయడాన్ని ఆయన ముప్పై ఏళ్ళుగా బర్తరఫ్ అనే విన్నాడు. అది ఇంగ్లీషులో వేరే వేషంలో ఉంటుందని ఆయనకేం తెలుసు?)

సంక్రాంతి పోయాక ఒకరోజు కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. ఆఫీసరు నిజామాబాదులో మీటింగుకు పోతూ, "వాన తగ్గకపోతే మధ్యాహ్నం నుంచి కాటా సిబ్బందిని ఇంటికి పంపేయండి, నోటీసు పెట్టండి" అని చెప్పి జీపెక్కాడు. వాన తగ్గలేదు. మున్షీ సాబ్ చేతులు రుద్దుకుని, ఎవరి సాయమూ లేకుండా తన మొదటి ఇంగ్లీషు చిత్తు రాశాడు. 'డ్యూ టు హెవీ రెయిన్, ఆల్ కాటా స్టాఫ్ ఆర్ డిస్మిస్డ్ ఫ్రమ్ టుడే నూన్. బై ఆర్డర్.' నేను చదివి, "ఒక్క తప్పు లేదు సాబ్" అన్నాను. మూడు కాపీలు కొట్టాను. ఆయనే స్వయంగా బోర్డుకు అంటించి వచ్చి చాయ్ తెప్పించాడు.

చాయ్ సగం తాగామో లేదో బయట గోల మొదలైంది. కాటా దగ్గర పనిచేసే ఒక పిలగాని అన్నకు రైల్వేలో అదివరకు అలాంటి కాగితమే వచ్చిందట. వాడా మాట గుర్తుపట్టి, "అందర్ని నౌకరీలకెంచి తీసేసిండ్రు!" అని కేకేశాడు. గోనెసంచులు నెత్తిన కప్పుకుని పద్దెనిమిది మంది లోపలికి వచ్చేశారు. ముందు, మేం మీసాల కాటాయన అని పిలిచే తూకం మనిషి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, కళ్ళనిండా నీళ్ళు.

"మున్షీ సాబ్, గిది నిజమేనా? ఆర్డరేనా?"

"నిజమే. నేనే రాసిన" అన్నాడు మున్షీ సాబ్ చిరునవ్వుతో.

"ఇగ మేం ఇంటికేనా?"

"ఇంటికే. ఖుషీగ పొండ్రి. పెండ్లాం పిల్లల కాడ కూసోని వేడివేడిగ ఏమన్న తినుండ్రి."

మీసాల కాటాయన కాటా తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి పోయాడు. మిగతావాళ్ళూ పోయారు, ఇళ్ళకు కాదు, రోడ్డు మీదికి. చెరుకు బండ్లను అడ్డంగా నిలిపించి బురదలో కూర్చున్నారు. "ఇంటికి పంపితే ఏడుస్తుండ్రేందే?" అని మున్షీ సాబ్ నన్నడిగాడు. నాకూ వింతగానే అనిపించింది.

ఆఫీసరు జీపు బండ్ల అవతలే ఆగిపోయింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేతబట్టుకుని లోపలికి వచ్చి, బోర్డు మీది కాగితం చదివాడు. "ఎవరండీ ఇది రాసింది?"

నేను వెంటనే టైపు కొట్టడం మొదలుపెట్టాను. మిషన్లో కాగితం లేదు.

"నేను రాసిన సార్. మాట నాదే."

"డిస్మిస్ అంటే ఏమిటో తెలుసా మీకు?"

"ఇంటికి పంపుడు సార్. మిసాల్, ది టీచర్ డిస్మిస్డ్ ది క్లాస్."

ఆఫీసరు ఆ వాక్యాన్ని తనలో తాను మళ్ళీ ఒకసారి అనుకుని చూశాడు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కాసేపటికి ఆయనే బయటికి వెళ్ళి గట్టిగా, "ఎవరి ఉద్యోగమూ పోలేదండీ! చిన్న అపార్థం జరిగింది, అంతే!" అన్నాడు. గుంపులో ఎవరో "సారు ఏమంటుండు?" అన్నారు. "ఏందో అర్ధం అంటుండు. ఇగ సగం జీతమేనేమో" అన్నాడు ఇంకొకడు. గోల రెట్టింపైంది. అప్పుడు మున్షీ సాబ్ ధోవతి ఎగ్గట్టి ఒక చెరుకు బండి ఎక్కాడు. "అరే, సునో! మాట గలత్ పడ్డది. తప్పు నాది. నౌకరీలు గట్లనే ఉన్నయి, జీతం గట్లనే ఉన్నది. ఇయ్యాల వానకు సెలవు, రేపు పొద్దుగాల్ల రాండ్రి!" రెండు నిమిషాల్లో రోడ్డు ఖాళీ అయింది. మీసాల కాటాయన వచ్చి ఆయన్ను చంటిపిల్లాణ్ణి దించినట్టు బండి మీంచి దించాడు.

మర్నాడు పాత కాగితాల గదిలో నేను ఏడుస్తూ చెప్పేశాను. "సాబ్, నాకు ఇంగ్లీషు రాదు. టైపే వస్తది."

"ఎరుకే బిడ్డా" అన్నాడాయన నోటుబుక్కు తెరుస్తూ. "తొల్తటి వారంలనే ఎరుకైంది. నువ్వు 'ఎ', 'బి', 'సి' మాట ఒక్కటి గూడ చెప్పకపోతివి."

"మరి నన్నెందుకు పట్టుకున్నరు?"

"అయ్యో, తెలిసినోల్ల ముందల కూసుంటె నాకు నోరు వెగలదు. నీ ముందల మంచిగ వెగులుతది."

ఉగాది వచ్చింది, పోయింది. ఆయన్ను ఎవరూ కాటా దగ్గరికి పంపలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసరు ఆ గది గుమ్మంలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఏమండీ మున్షీగారూ, నేను పొలాల మీద పోతుంటే రైతులు 'పైలం సారూ, పైలం' అంటున్నారు. తిట్టా?" అని అడిగాడు. మున్షీ సాబ్ నవ్వలేదు. స్టూలు చూపించి, "కూసోండ్రి సార్. పైలం అంటె జాగ్రత్త. మిసాల్ రాసుకుంటరా?" అన్నాడు. ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశాడు.

ఆ తర్వాత నేను చాలా ఏళ్ళు నౌకరీ చేశాను, ఇంగ్లీషు కూడా కొంత నేర్చుకున్నాను. ఇప్పుడు మనవరాలికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయాలన్నా ఒక్కో మాటను రెండుసార్లు చూసుకుంటాను, అయినా అనుమానమే. పంతొమ్మిదేళ్ళ ఆ టైపిస్టు మాత్రం ఒక్కసారీ అనుమానపడలేదు. వీపు నిటారుగా పెట్టుకుని, గడ్డం పైకెత్తి, రాని భాషను రోజుకు పది మాటల చొప్పున పంచిపెట్టింది. ఆమె ఇంగ్లీషు నాకు వద్దు కానీ, ఆ ధైర్యంలో ఒక చిటికెడు ఇప్పుడు దొరికితే బాగుండు.