గరం రూమ్‌కి ఏసీ

2004 మే నెలలో నన్ను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని ఒక కోల్డ్ స్టోరేజీకి ఆపరేషన్స్ సూపర్‌వైజర్‌గా వేశారు. అంతకుముందు భీమవరంలో రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి చలి నాకు కొత్త కాదు. దుబాయ్ వెళ్లి కూడా ఎండ తగలని ఉద్యోగం సంపాదించావు, అదృష్టజాతకుడివి అని బంధువులు అన్నారు. ఫ్రీజర్‌లో ఒక్క పూట నిలబడితే ఆ మాట అనరు.

మా ఫ్రీజర్ ఎప్పుడూ మైనస్ ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉండేది. ఆర్డరు ప్రకారం కోళ్ల పెట్టెలు, చేపల పెట్టెలు దించి సర్దేవాళ్లను పికర్లు అంటారు. పికర్ మందపాటి కోటు, రెండు జతల గ్లవుజులు వేసుకుని ముప్పావుగంట లోపల ఉంటాడు. ఆ తర్వాత పావుగంట బయటికొచ్చి ఒళ్లు కాచుకోవాలి. ఇందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు, పని పద్ధతే అది. వేళ్లలోకి రక్తం తిరిగి రాకముందే మళ్లీ లోపలికి పంపితే వేళ్లు చెడతాయి. అందుకోసమే పక్కన ఒక చిన్న గది, అందులో బెంచీలు, గోడకు హీటరు ఉండేవి. పనివాళ్లు దాన్ని గరం రూమ్ అనేవారు.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన పోశెట్టి నా షిఫ్టులో పికర్. నలభై దాటిన మనిషి. మా యార్డులోనే ఎండలో కంటైనర్ల పని చేసి, మాడిపోయి, బతిమాలుకుని ఫ్రీజర్‌కి మారాడు. మారిన కొద్దిరోజులకే, "ఎండల ఉంటె చలి కావాలనిపించె సార్. చలిలకొస్తె ఎండ యాదికొస్తున్నది. మనిషికి ఏదిచ్చినా సాలది," అని తనమీద తనే నవ్వుకున్నాడు.

మా జనరల్ మేనేజర్‌ను అందరూ ముదీర్ అనేవారు. చలిదేశంలో పుట్టినాయన. ఆఫీసంతా పద్దెనిమిది డిగ్రీల్లో ఉండాల్సిందే. టైపిస్టులు శాలువాలు కప్పుకుని కూర్చునేవారు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నట్టు, తనకు హాయిగా ఉన్నది లోకానికంతటికీ హాయి అని ఆయన నమ్మకం.

జూలైలో ఆయన ఎవరో అతిథులను వెంటబెట్టుకుని వచ్చాడు. కారు దిగి, ఎండలో నడిచి, తిన్నగా గరం రూమ్‌లోకే అడుగుపెట్టాడు. కాలరు వదులు చేసుకుంటూ, ఇందులో మనుషులెలా కూర్చుంటారని నన్ను నిలదీశాడు. వీళ్లు ఫ్రీజర్‌లోంచి వస్తారండీ అని చెప్పబోయాను. తన గోడౌన్‌లో ఎవరికీ చెమట పట్టకూడదని అతిథుల ముందే ప్రకటించేశాడు. మర్నాటికి హీటరు పీకేశారు, ఏసీ బిగించారు, దాని స్విచ్చుకు ప్లాస్టిక్ డబ్బా పెట్టి తాళం వేశారు. తాళంచెవి అడ్మిన్ వాళ్ల దగ్గర. కార్మిక సంక్షేమం అంటూ ఆ గది ఫోటో నోటీసు బోర్డుకెక్కింది. ఎంత సంక్షేమమో!

"లోపటా చలే, బయటా చలే. గా హీటరు ఏం పాపం జేసింది సార్? జర చెప్పుండ్రి, మీకు పుణ్యముంటది," అన్నాడు పోశెట్టి. వెళ్లి చెప్పాను. ఒకసారి కాదు, పదేపదే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఏసీ వద్దనే మనిషి ఉంటాడంటే ఆయన బుర్రకెక్కలేదు.

పికర్లు పావుగంటా వెనక సరుకు దించే డాక్ మీద ఎండలో కూర్చోవడం మొదలుపెట్టారు. దేశమంతా నీడకోసం వెతుక్కుంటుంటే వీళ్లు కాలే సిమెంటు మీద అరచేతులు ఆనించి కూర్చునేవారు. సేఫ్టీ ఆఫీసర్ వచ్చి, వేసవి మధ్యాహ్నం ఎవరూ ఆరుబయట ఉండకూడదంటూ యల్లా, యల్లా అని తరిమేశాడు. యార్డువాళ్ల ప్రాణాలకోసం కంపెనీ పెట్టిన నియమం అది, మంచిదే. మావాళ్లకు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటైంది.

ఆగస్టుకల్లా పోశెట్టి వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. పెట్టెలు చేతిలోంచి జారుతున్నాయి. క్లినిక్‌కి పదమంటే ఒప్పుకోలేదు, పనికి రాడని రాసేస్తారని భయం. "గీ ఏళ్లతోని ఇంటికి పోయి ఏం జేయాలె సార్? మా ఆడోళ్ల లెక్క బీడీలు గూడ చుట్టరాదు," అన్నాడు.

దారి అతనే వెతుక్కున్నాడు. యార్డులో ఎండకు ఆగి ఉన్న ట్రైలర్ లారీ క్యాబిన్‌లోకి ఎక్కి, అద్దాలు బిగించుకుని, పావుగంట చేతులు కాచుకుని దిగేవాడు. ఒకరోజు కళ్లు మూసుకుని కూర్చుని ఉండగా సెక్యూరిటీవాడు పట్టుకున్నాడు. డ్యూటీలో నిద్ర అని ముదీర్ గదిలో విచారణ పెట్టారు. అతని మాటలు ఇంగ్లీషులో చెప్పింది నేనే. ముదీర్ నవ్వాడు. చల్లటి గది ఇస్తే పొయ్యిలాంటి లారీలో ఎవడైనా కూర్చుంటాడా, వీడు అబద్ధమాడుతున్నాడు అన్నాడు. పోశెట్టికి మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమైంది. గ్లవుజులు తీసి రెండు చేతులూ బల్లమీద పెట్టాడు.

ముదీర్ ఆ వేళ్లను చూశాడు. అబద్ధమన్న మాట వెనక్కి తీసుకున్నాడు కూడా. అయితే ఈ మనిషి ఫ్రీజర్‌కి అన్‌ఫిట్ అన్నాడు. యార్డుకి వేయండి అన్నాను. ఖాళీ లేదన్నాడు. ఖలాస్. నిజం చెప్పకపోతే దొంగ, చెపితే పనికిరానివాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒళ్లు మండిపోయి, ఆ వేళ్లు పాడుచేసింది మీ ఏసీయే అని మొహంమీదే అనేశాను. మీరిక వెళ్లొచ్చు అన్నాడు.

పోశెట్టి వీసా రద్దు చేసి ఇంటికి పంపించేశారు. వెళ్లేరోజు క్యాంపు బస్సు దగ్గర పోశెట్టి తన సంగతి ఎత్తలేదు. "నేనైతె పోతున్న. ఎనక ఉన్నోళ్ల చేతి ఏళ్లన్న కాపాడుండ్రి సార్," అన్నాడు.

అంతకుముందు ఏసీ ఆపమని నేనెంత అడిగినా ఉద్యోగం పోతుందని వణికిన ఎలక్ట్రీషియన్, ఆ వారం నేను అడగకుండానే ఏసీ వైరు ఊడదీసి, పాత హీటరు తెచ్చి తగిలించాడు. ఎవరైనా అడిగితే ఏసీ పాడైంది, పార్టు రావాలని చెప్పమన్నాను. 2008లో నేను రిటైరై వచ్చేదాకా ఆ పార్టు రాలేదు. ఎవరూ అడగనూ లేదు. ముదీర్ ఆ గదిలోకి మళ్లీ కాలే పెట్టలేదు.

ఏ వాతావరణంలో బతకడం మేలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. చలిలో, ఎండలో ఇన్నేళ్లు చేసిన ఉద్యోగం నాకు నేర్పింది ఒక్కటే: గది ఎంత వెచ్చగా ఉండాలో ఫ్రీజర్‌లోంచి వచ్చేవాణ్ణి అడగాలి, కారులోంచి దిగినవాణ్ణి కాదు.