ఇంట్లో ఎంతమంది?

బాబు స్కూలు ఫారం ప్రింట్ తీశాను. చేతిలోకి తీసుకోగానే కాగితం వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనానికి సుగుణగారు గుర్తొచ్చారు. కెనడాలోని కిచెనర్‌లో నేను చదివిన కాలేజీలో, ప్రభుత్వం విద్యార్థులకిచ్చే ఆర్థిక సహాయం వ్యవహారాలు చూసే కౌంటర్‌లో ఆవిడ పనిచేసేవారు. నిజామాబాద్ మనిషి. జనవరి చలిలో వణుకుతూ వచ్చినవాళ్ల చేతుల్లో అప్పుడే ప్రింటైన కాగితం పెట్టి, "ముందు చేతులు కాచుకో, తర్వాత చదువుకో" అనేవారు.

నేను మొదటిసారి ఆ కౌంటర్ దగ్గరికి ఏడుపు ఆపుకుంటూ వెళ్లాను. మాకు ఇక్కడ శాశ్వతంగా ఉండే పీఆర్ వచ్చిన ఏడాది అది. చిన్నపిల్లల సంరక్షణ కోర్సులో చేరాను. బాబుకు రెండేళ్లు, మావారికి దగ్గర్లోని గ్వెల్ఫ్ ఊళ్లో ఫ్యాక్టరీ ఉద్యోగం. మంజూరైన సహాయం ఫీజుకు చాలలేదు. నెలాఖరులోగా కట్టలేకపోతే చదువు మానుకోవాల్సిందే. సుగుణగారు నా దరఖాస్తు తెరిచి, ఒక గడి దగ్గర ఆగారు.

"ఇంట్ల ఎంతమంది ఉంటరమ్మా?"

"ఇద్దరండీ. మావారు, బాబు."

"మరి ఈ ఫారం నింపింది ఎవరు? దయ్యమా?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇంట్లో ఎంతమంది అంటే నేను ఎవరెవరికి వండిపెడతానో వాళ్లనే లెక్కపెట్టాను. అదే ఆదాయంతో ఇద్దరు కాక ముగ్గురు బతకాలంటే అవసరం పెరుగుతుందని, సహాయం కూడా ఆ మేరకు పెరగవచ్చని ఆవిడ ఓపికగా చెప్పారు. నాకు కొత్త భయం పట్టుకుంది.

"ఇప్పుడు మారిస్తే మోసం అనుకోరు కదండీ?"

"తప్పును దిద్దుకుంటే మోసమెట్లయితది?"

ఆ ధైర్యంతో, "మా అత్తయ్యగారు కూడా ఇంట్లోనే ఉన్నారండీ, విజిటర్ వీసా మీద వచ్చారు. నలుగురని రాయనా?" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు. "ఇందాక నిన్నే లెక్కపెట్టుకోలే. ఇప్పుడు ఊరందరిని ఎక్కిస్తవా? ఆమె ఈ లెక్కల రాదు. ముగ్గురే రాయి."

గడువుకు నాలుగు రోజుల ముందు పెంచిన మొత్తం మంజూరైంది. ఫీజు కట్టేశాక పులిహోర చేసి పట్టుకెళ్లాను. "ఇట్లాంటివి ఆఫీసుల తీసుకోవద్దమ్మా" అంటూనే మధ్యాహ్నం కాలేజీ కాంటీన్‌కు తీసుకెళ్లి, "ఇద్దరం కలిసి తింటే తప్పులేదు" అన్నారు. డబ్బా తెరిచి అటూ ఇటూ చూశారు.

"చెంచా ఒక్కటే తెచ్చినవ్. నీదేది?"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

ఇప్పుడు సుగుణగారు రిటైరై మిస్సిసాగాలో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను డేకేర్‌లో పనిచేస్తున్నాను. కంగారు మాత్రం పోలేదు. ఏ ఫారమైనా మూడుసార్లు చదవనిదే సంతకం పెట్టను. అయితే ఇంటివాళ్ల పేర్లు రాయమన్నచోట ముందు నా పేరే రాస్తాను. రాశాక కాస్త సిగ్గేసి చెయ్యి ఆగుతుంది. అయినా కొట్టెయ్యను.