తలకు దోసెడు బియ్యం

మా చిన్నప్పుడు... గంగమ్మ జాతర రోజు పొద్దున్నే మా అవ్వ చేట నిండా బియ్యం పెట్టుకుని గడపలో కూర్చునేది. ఇంట్లో తలకు దోసెడు చొప్పున ఊరి గంపలో పోయాలి. అందరి బియ్యం కలిపి వండి, ఊరంతా ఒక్కచోట కూర్చుని తినేవాళ్లం. గంప మోసుకొచ్చే ఓబులయ్య తాతకు మా ఊరి జనాభా ఆ దోసిళ్లతోనే తెలిసిపోయేది...

రాయచోటి అవతల, కొండ కింద ముప్పై గడపల పల్లె మాది. కరువుకు తాళలేక వచ్చిన ముగ్గురు అన్నదమ్ములు వంకలో చెలమ తవ్వితే నీళ్లు పడ్డాయని, అక్కడే గుడిసెలు వేసుకున్నారని అవ్వ చెప్పేది. కలరా వచ్చి సగం మంది పోయిన ఏడు కూడా గంప ఆగలేదట.

కలరా తర్వాత కువైట్ వచ్చింది. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ కూడా వెళ్లింది. రెండేళ్లలో వస్తానంది... నాలుగేళ్లయినా రాలేదు. అవ్వ మాత్రం ప్రతి ఏడూ అమ్మ పేరున దోసెడు పోసేది. బతుకుదెరువుకు పోయిన మనిషి లెక్కలోంచి పోదనేది.

ఆ నాలుగో ఏడు అవ్వ చేయి బెణికి, కొలిచే పని నాకు పడింది. అవ్వకు, నాన్నకు, తమ్ముడికి, నాకు... నాలుగు దోసిళ్లు పోసి చేట పక్కన పెట్టేశాను.

"మీ అమ్మది యాడ పాపా?" అన్నాడు ఓబులయ్య తాత.

"మాయమ్మ ఈ ఊర్లో లేదు తాతా."

అమ్మ మీద అంత కోపం నాకు. అవ్వ ఆ బెణికిన చేత్తోనే దోసెడు పట్టి గంపలో పోసింది. రోజంతా నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు అమ్మ సెలవుకు వస్తే ఎవరో ఈ సంగతి చెవిన వేశారు. అమ్మ ఊరికే నవ్వి, నా తలకు నూనె రాసింది. నెల తిరక్కుండా మళ్లీ విమానం ఎక్కింది. తప్పయిందని నేను చెప్పనే లేదు. ఇప్పుడు చెబుదామంటే అమ్మ లేదు...

ఇప్పుడు నేనూ కువైట్‌లోనే, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. వచ్చి తొమ్మిదేళ్లు. యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. మామా ఇంట్లో ఎవరెంత తింటారో, ఎవరికి ఉప్పు తక్కువో నిద్రలో లేపినా చెబుతాను. మా ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో మాత్రం అడిగితే గానీ తెలియదు.

మొన్న ఫోన్‌లో, ఊళ్లో వదిలొచ్చిన మా పాప మామూలుగా చెప్పింది... అన్నం మిగిలి పారబోయాల్సి వస్తోందని, ఈసారి జాతరకు ఊళ్లో ఉన్నవాళ్లకే బియ్యం పోశారట. కువైట్ వాళ్లను వదిలేశారట.

"నువ్వన్నా నా పేరున ఒక దోసెడు పోసింటే ఏమయితాండె?" అన్నాను.

"పోస్తే తినేదెవురు మా?"

దాని తప్పేముంది... సరేలే అన్నాను. ఇంతలో మామా యల్లా, తొందరగా రా అని పిలిస్తే, వెళ్లి పదిమందికి సరిపడా బియ్యం కడిగాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీదని మండాలి? ముగ్గురు అన్నదమ్ములు నిలబెట్టిన ఊరిని ఇంటికొకరం ఖాళీ చేసి వచ్చాం. ఇప్పుడు మమ్మల్ని లెక్కలో పెట్టలేదని ఏ మొహంతో అలగాలి?

ఇది చదివే కువైట్ వాళ్లూ, దుబాయ్ వాళ్లూ... మీ ఊళ్లో ఇంకా మిమ్మల్ని లెక్కలో పెట్టుకునే మనిషి ఎవరైనా ఉంటే, ఆ పేరు ఇక్కడ కామెంట్లో రాయండి. నాకు రాయడానికి ఒక్క పేరూ లేదు...