పుట్ట పక్కన మొలిచినవి

ఎనభైల్లో ఒక వానాకాలం, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో తడిగుడ్డ మూట ఉంది. అందులోంచి తెల్లటి గొడుగులు కనబడుతున్నాయి. నేను వృక్షశాస్త్రం చదివినదాన్ని. పైగా నా నోరు ఊరుకోదు.

"అక్కా, ఇవి తినేవి కావేమో," అన్నాను.

"ఏం పాపా, కండ్లు కనపడవా? పుట్టగొడుగులే. పుట్ట పక్కనే మొలిచినాయి."

"పుట్ట పక్కన పాము గూడా ఉంటాది, వండుకుంటామా? అసలైన పుట్టగొడుగుకు పుట్ట లోపలిదాకా పొడుగాటి వేరుంటాది. దీనికేదీ?"

"పీకితే తెగింటాది."

"మరి కాడకు ఈ ఉంగరమేందీ?"

"పెండ్లయిందేమోలే!" అందామె. ముందు సీటువాళ్లు కూడా నవ్వారు.

నాకు పంతం పెరిగింది. ఒక గొడుగును తిప్పి, కింద చేప మొప్పల్లా ఉన్న మడతలు చూపించాను. "ఇప్పుడివి తెల్లగుండాయి. కాగితం మీద బోర్లిస్తే పొడి రాలుతాది. ఆ పొడి ఆకుపచ్చగుంటే విషం."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇవి మా యమ్మకు తీస్కపోతాండా. పొద్దున పిల్లోళ్లకు ఇవే వండిపెట్టొచ్చినా పాపా," అంది.

బస్సు ఆపించి, మూట నా ఒళ్లో పడేసి దిగింది. ఎదురొచ్చే లారీకి చేయెత్తుతూ వెనక్కి పరుగెత్తింది. ఏ ఊరో నేను అడగనేలేదు.

ఆళ్లగడ్డ చేరాక ఒక గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూశాను. నేను ఓడిపోవాలని కోరుకున్న వాదన నా జన్మలో అదొక్కటే. తెల్లారి ఎత్తి చూస్తే కాగితం మీద బండిచక్రం ఆకుల్లా గీతలు పడి ఉన్నాయి, లేత ఆకుపచ్చగా.